మైనంలో మిగిలింది

మేడ్చల్ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే పర్వతాలు, తన బిడ్డ పద్మలతకు షామీర్‌పేట ల్యాబులో ఉద్యోగం దొరికిందని డిపో అంతా చెప్పుకున్నాడు. సైంటిస్టు అయిందని కూడా అన్నాడు. పద్మలత కాదనలేదు. తన పని ఏమిటో విడమరిచి చెప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది. ఎప్పుడో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ పోయి, వాళ్ళు ఉన్నారో పోయారో కనుక్కు రావడం. అదీ ఆ పని.

అది రెండు వేల ఏడో సంవత్సరం. షామీర్‌పేట చెరువు దాటాక రోడ్డు పక్కన ఒకదాని తర్వాత ఒకటిగా అద్దాల భవనాలు లేస్తున్నాయి. అందులో ఒక భవనంలో డాక్టర్ ఫణిభూషణ్ ప్రాజెక్టు నడుస్తోంది. ఆయనది గోదావరి జిల్లా. పేట్ బషీరాబాద్‌లో కొత్త కాలనీలో కాపురం. మాట తక్కువ మనిషి, కానీ మొదటి రోజు మాత్రం పద్మలతను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు.

"కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నటి దారాల్లాంటివి ఏర్పడతాయి. ఆ దారాల మీద నడుస్తూ సరుకుని అటూ ఇటూ లాగే ప్రోటీన్లు ఉంటాయి. మోటారు ప్రోటీన్లంటాం. అవి అందరి ఒంట్లోనూ ఉండేవే, లేకపోతే బతకలేం. కానీ కొన్ని గడ్డల్లో మితిమీరి ఉంటాయి. అలాంటి గడ్డ అయితే జబ్బు తిరగబెట్టడం ఎక్కువేమోనని నా అనుమానం."

"అనుమానం తీరేదెట్ల సర్?"

"పాత గడ్డల్ని పరీక్ష చేస్తాం. సిటీలో ఒక పెద్దాసుపత్రి వాళ్ళు ఆపరేషన్లో తీసిన ముక్కల్ని మైనంలో పెట్టి దాచారు. బ్లాకులంటారు. వాటిని అరువు తెచ్చాం. ఏ గడ్డలో ఎంత ఉందో నేను చూస్తాను. ఆ మనిషి ఏమైందో నువ్వు కనుక్కోవాలి. రెండూ కలిపితే గానీ సంగతి తేలదు." కాస్త ఆగి అన్నాడు. "బతికుందా, లేదా, పోతే ఎప్పుడు పోయింది. ఇంతే అడుగు. మిగతావేవీ మాట్లాడకు."

అడగడం తేలికే అనుకుంది పద్మలత. ఇళ్ళే దొరకలేదు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన చిరునామాల్లో ద్రాక్షతోటలున్న చోట ఇప్పుడు సరిహద్దు రాళ్ళు పాతిన ప్లాట్లున్నాయి. గండిమైసమ్మ చౌరస్తా దగ్గర ఒకామె బతికే ఉంది. సంతోషం పట్టలేక పద్మలత గొంతు పెంచి మాట్లాడబోతే, ఆమె గుమ్మంలోనే చేతులు జోడించింది. "మెల్లగ మాట్లాడు తల్లీ, కోడలికి తెల్వదు" అని తలుపు వేసుకుంది. పోయినవాళ్ళ ఇళ్ళలో తారీఖు ఎవరికీ గుర్తుండదు. బతుకమ్మ ఎత్తిన దినమనో, బోరు ఎండిన ఏడాది అనో చెప్పేవాళ్ళు. ఆ మాటల్ని పంచాంగం దగ్గర పెట్టుకుని నెలగా మార్చుకునేది పద్మలత.

ఎండలు ముదిరిన రోజుల్లో ఆమె గౌరయ్య ఇంటికి వెళ్ళింది. షామీర్‌పేట నుంచి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. గౌరయ్య ఒకప్పుడు ద్రాక్షతోటల్లో తీగలు కత్తిరించేవాడు. తోటలు పోయాక, అదే నేల మీద లేచిన ప్లాట్లకు వాచ్‌మన్‌గా కొన్నాళ్ళు చేసి, ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాడు. అరుగు మీద అతని కూతురు బాలమణి చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. మొగుడు లారీ మీద పోతే నెలకోసారి ఇల్లు చేరే మనిషి కావడంతో, ఆమె తండ్రి దగ్గరే ఉంటోంది.

"కమలాబాయి గారి ఇల్లు ఇదేనా అక్కా?"

బాలమణి చేతిలో గింజ అట్లాగే ఆగిపోయింది. "మా అమ్మ. సచ్చిపోయి ఎన్ని ఏండ్లాయె! నువ్వెవరు?"

"దవాఖాన తరఫున వచ్చిన. ఎప్పుడు పోయిందో కనుక్కుందామని."

లోపల మంచం కిర్రుమంది. గౌరయ్య బయటికొచ్చి దర్వాజ పట్టుకుని నిలబడ్డాడు. బక్కపల్చటి మనిషి. "సికింద్రాబాద్‌ల లష్కర్ బోనాలయినంక. మా ఊరి బోనాలు ఇంక కాలే. గా నడిమిట్ల పోయింది" అన్నాడు. ఎవరో రోజూ అడుగుతున్నట్టే, తడుముకోకుండా.

పద్మలత వెళ్ళబోయింది. బాలమణి ఊరుకోలేదు. "ఆపరేషన్ జేసిన్నాడు చెప్పకపోతిరి, మల్ల రోగమొచ్చిన్నాడు రాకపోతిరి. ఇప్పుడొచ్చి ఎప్పుడు సచ్చిందని అడుగుతున్నరు. గదెందుకో గూడ చెప్పరా?"

చెప్పకూడదని తెలుసు. కానీ ఆ గొంతులో ఉన్న మంటకు ఏదో ఒకటి చల్లటి మాట చెప్పాలనిపించింది పద్మలతకు. "మీ అమ్మకు తీసిన గడ్డలకెల్లి ముక్క ఇంక ఖరాబు గాలేదు అక్కా. మైనంల పెట్టి భద్రంగ దాచిండ్రు. మా షామీర్‌పేట ల్యాబులనే ఉన్నది. దాన్ని పరీక్ష జేస్తే రేపు ఇంకెవలకన్న మేలయితదని."

గౌరయ్య దర్వాజ వదిలేశాడు. "ఉన్నదా?" అన్నాడు. "కాల్చలేదా?"

"లేదు కాకా. చిన్న ముక్క..."

అతను గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. మాట మొదలుపెట్టాక ఆగలేదు.

ఆపరేషన్ అయి కండ్లు తెరవగానే కమలాబాయి అడిగిన మొదటి మాట, తీసినదాన్ని ఏం చేశారని. గౌరయ్య పోయి వార్డులో పనిచేసే మనిషిని అడిగాడు. మొత్తం కాల్చేస్తారని ఆ మనిషి చెప్పాడు. అదే మాట తెచ్చి ఆమెకు చెప్పాడు. ఆమెకు నమ్మకం కుదరక, ఇంటికొచ్చాక కూడా పదేపదే అడిగేది. కుక్కలు తినలేదు గదా, మురికి మోరీలో పడేయలేదు గదా అని. కాల్చిండ్రు, నేను రూఢి చేసుకున్న అని ఒట్టేసి చెప్పాక నిమ్మళించింది. తర్వాత తర్వాత దాని మీద నవ్వులాడేది కూడా. "సగం ముందుగల్ల పోయి జాగ పట్టింది, మిగిలిన సగం నేను దీస్కపోత" అనేది. జబ్బు ఎముకల్లోకి దిగి, కూర్చోలేక పండుకోలేక ఉన్న రోజుల్లోనూ అదే మాట.

"గా మాట పట్టుకోని పోయింది బిడ్డా" అన్నాడు గౌరయ్య. "నేను ఒట్టేసిన. ఇప్పుడు నువ్వొచ్చి ఉన్నదంటున్నవ్."

మర్నాడు పద్మలత ల్యాబుకు వచ్చేసరికి గౌరయ్య గేటు దగ్గరున్నాడు. తానం చేసి, ఉతికిన తెల్లంగీ తొడుక్కుని, ప్రహరీగోడ నీడలో కూర్చున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "నాది నాకిప్పియ్యి బిడ్డా. కాలవెట్టుకుంట" అన్నాడు.

సంగతి విన్న ఫణిభూషణ్ మొహం కందిపోయింది. "నేనేం చెప్పాను, నువ్వేం చేశావు? ఆ బ్లాకు మనది కాదు. ఆసుపత్రిది. ఇవ్వడానికి మనమెవరం? వెళ్ళి చెప్పు."

ఆమె వెళ్ళి చెప్పింది. గౌరయ్య గొడవ చేయలేదు. సరేనని తలూపి వెళ్ళిపోయాడు. మళ్ళీ మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగకుండా, కారు వచ్చినప్పుడల్లా లేచి దండం పెట్టి, మళ్ళీ కూర్చునేవాడు. సెక్యూరిటీ వాళ్ళు మొదట కసిరారు, తర్వాత మంచినీళ్ళివ్వడం మొదలుపెట్టారు. ఫణిభూషణ్ కారు అద్దం ఎక్కించుకుని లోపలికి పోయేవాడు. ఒకరోజు మాత్రం గేటు దగ్గరే దిగాడు. ఏం తోచిందో గానీ, అతన్ని వెంటబెట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.

"ఇన్నేళ్ళుగా ఇలాంటి బ్లాకుల మీద పని చేస్తున్నాను పద్మలతా" అన్నాడు, అతనికి కుర్చీ లాగుతూ. "ఒక బ్లాకు తాలూకు మనిషిని చూడటం ఇదే మొదలు."

బ్లాకు తెప్పించి బల్ల మీద పెట్టారు. అగ్గిపెట్టెలో పట్టేంత మైనం, మధ్యలో గోధుమరంగు మచ్చలా కమలాబాయి ముక్క. గౌరయ్య దాన్ని తాకలేదు. వంగి చూశాడు. "గింతేనా?" అన్నాడు.

"ఇంతే. మిగిలింది అప్పుడే కాల్చేసి ఉంటారు. మీ ఆవిడకి మీరు చెప్పింది చాలావరకు నిజమే."

గౌరయ్య ఆ మాటను పట్టించుకున్నట్టు లేదు. "దీంట్ల ఏం సూస్తున్నరు సారూ?"

ఫణిభూషణ్ అంతకుముందు పద్మలతకు చెప్పిందే, ఇంకా తేలిక చేసి చెప్పాడు. దారాల గురించి, వాటి మీద నడిచే మోటార్ల గురించి. అవి ఎక్కువున్న చోట రంగు వేస్తే ముదురు గోధుమరంగు తేలుతుందని.

"మా ఆమె దాంట్ల ఎక్కువున్నయా?"

"ఉన్నాయి. చాలా ఎక్కువ."

"గదప్పుడే ఎరకైతే బతుకుతుండెనా?"

"లేదు. వాటిని ఆపే మందు అప్పుడు లేదు. ఇప్పటికీ లేదు. పరీక్షలు జరుగుతున్నాయి."

"మరి ఎరకై ఏం ఫాయిదా?"

"తర్వాత వచ్చేవాళ్ళకి... ఎవరికి గట్టి వైద్యం కావాలో, ఎవరికి అక్కర్లేదో ముందే తెలుస్తుంది. తెలుస్తుందని ఆశ."

గౌరయ్య తలూపాడు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. తర్వాత చూపించమన్నాడు. ఫణిభూషణ్ ఆ బ్లాకు నుంచి కోసిన పొర ఉన్న స్లైడు పెట్టి, మైక్రోస్కోపు సరిచేసి పక్కకు జరిగాడు. గౌరయ్యకు ఒక కన్ను మూసి ఒక కన్నుతో చూడటం చేతకాలేదు. పద్మలత తన అరచేతిని అతని కంటికి అడ్డం పెట్టింది. కిక్కిరిసిన నీలి చుక్కలు, వాటి నడుమ గోధుమరంగు మరకలు.

"గిది ఆమె గాదు" అన్నాడు చివరికి. "గిది ఆమెను తిన్నది. దీన్నా నేను అడుగుతున్న!"

లేచి వెళ్ళిపోబోయాడు. ఫణిభూషణ్ ఆపాడు. స్లైడును కొంచెం పక్కకు జరిపి, మళ్ళీ చూడమన్నాడు. ఇక్కడ గోధుమరంగు లేదు. లేత గులాబీ పొరల మధ్య గుండ్రంగా, పొందికగా కూర్చున్న కణాలు.

"గడ్డ చుట్టూ ఉన్న మామూలు భాగాన్ని కూడా అంచున కాస్త ఉంచుతారు, పోల్చి చూడటానికి. దీనికి జబ్బు తగల్లేదు. ఇది ఆవిడదే."

గౌరయ్య చాలాసేపు చూశాడు. పద్మలత చెయ్యి నొప్పిపుట్టినా తీయలేదు. అతని కనురెప్ప తడి ఆమె వేళ్ళకు తగిలింది.

"గిది చాలు సారూ. గింతది ఇయ్యుండ్రి."

ఇవ్వడం కుదరదని మళ్ళీ చెప్పలేక, ఆసుపత్రికి రాస్తానన్నాడు ఫణిభూషణ్. రాశాడు. జవాబు రాలేదు. ఫోను చేస్తే, రోగి తరఫువాళ్ళు ఇంకో డాక్టరు సలహా కోసం అడిగితే ఇస్తాం గానీ, కాల్చుకోవడానికి ఇచ్చే పద్ధతి లేదన్నారు. అయితే సలహా కోసమనే అడగమని ఫణిభూషణ్ చెప్పాడు. గౌరయ్య అతని మొహంలోకి చూసి, "సచ్చిపోయినామెకు ఇంకో సలహా ఏంది సారూ? ఒక్కసారి ఒట్టేసి చెడిపోయిన, ఇంక అబద్ధమాడ" అన్నాడు. రేపు రావద్దని ఎవరూ అనలేదు. అతను వస్తూనే ఉన్నాడు. వానలు పడ్డా, గొడుగు కింద కూర్చునేవాడు.

వానాకాలం చివర్లో ఇంకో రకం మోటారు ప్రోటీను కోసం ఆ బ్లాకులను మళ్ళీ కోయాల్సి వచ్చింది. మైనం బ్లాకును యంత్రానికి బిగించి, వెంట్రుక కన్నా సన్నటి పొరలుగా కోస్తారు. మంచి పొర వచ్చేదాకా పైన చెక్కినదంతా కింద తట్టలో రాలుతుంది. పద్మలత ఆ తట్టనే చూస్తూ నిలబడింది.

"సర్, ఈ రాలినయి ఎక్కడికి పోతయి?"

"వేస్టు కింద పోతాయి. వాళ్ళొచ్చి పట్టుకెళ్ళి..." ఫణిభూషణ్ మాట మధ్యలో ఆగాడు. "కాల్చేస్తారు."

అతను టెక్నీషియన్ను టీ తాగి రమ్మని పంపించి, తనే యంత్రం ముందు కూర్చున్నాడు. కమలాబాయి బ్లాకును తిప్పి, జబ్బులేని అంచు వైపు బిగించి, అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువే చెక్కాడు. రాలిన తెల్లటి రేకుల్ని కాగితంలో మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"నేనివ్వలేదు. నువ్వు తీసుకెళ్ళలేదు" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఊరవతల వాగు ఒడ్డున కమలాబాయిని కాల్చిన చోటే, గౌరయ్య నాలుగు పుల్లలు పేర్చి కర్పూరం పెట్టాడు. ఆడవాళ్ళు అక్కడికి రాకూడదని ఊళ్ళో ఎవరో అన్నారు. బాలమణి వినలేదు. పద్మలత కొంచెం దూరంగా నిలబడింది. కాగితం విప్పి మంటలో వేయగానే మైనం కరిగి, మంట ఒక్కసారి జేనెడెత్తు లేచింది. లేచినంత వేగంగా అణిగిపోయింది.

"అయిపాయెనా?" అంది బాలమణి.

గౌరయ్య చెంబుతో పాలు చల్లాడు. బూడిదలో వేలు పెట్టి కలియబెట్టి చూశాడు. ఏమీ దొరకలేదు. "నా మాట ఇయ్యాల నిజమైంది" అన్నాడు. "గని ఇనేటందుకు ఆమె లేదు."

అతని బరువు దిగుతుందని పద్మలత అనుకుంది. కొన్ని వారాల తర్వాత ఆ దారిన పోతూ ఆగితే, గౌరయ్య పట్టపగలు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బాలమణి ఆమెను వాకిట్లోకి తీసుకొచ్చి గొంతు తగ్గించింది. "మీ గేటు కాడికి వచ్చినన్ని దినాలు మస్తు మంచిగుండె. పొద్దుగాల్నే తానం జేసి, అంగీ తొడుక్కోని, జల్దీ పోవాలె అనెటోడు. ఇప్పుడు పోయెటందుకు జాగ లేదు. బువ్వ సుత తింటలేడు."

తను నోరు మూసుకుని ఉంటే ఆ మనిషి ఇంత పడేవాడు కాదన్న మాట పద్మలతను ఎప్పుడూ వదల్లేదు.

బాలమణే మళ్ళీ అంది. "మా అమ్మ దాంట్ల గా మోటార్లు మస్తుగున్నయన్నరు గదా. నాకూ ఉంటయా?"

"గవి గడ్డల ఎక్కువైతయి, తల్లికెల్లి బిడ్డకు రావు. గని తల్లికి ఈ రోగమొచ్చినప్పుడు బిడ్డ చూపిచ్చుకోవాలె అక్కా. నాతోని రా, పెద్ద దవాఖానకు పోదాం."

"సూపిచ్చుకుంటే ఉన్నదని చెప్తరు. తెలిసినంక? మందు లేదని మీ సారే చెప్పిండాయె."

"గా మాట ఆ ప్రోటీను సంగతి. గడ్డ చిన్నగున్నప్పుడే దొరికితే తీసేస్తరు. శానమంది బతుకుతున్నరు. నేను సూసిన ఇండ్లల్ల బతికినోళ్ళున్నరు."

"మా అమ్మకు గూడ తీసిండ్రు" అంది బాలమణి.

మరుసటి ఏడాది ఎండల నాటికి ఫణిభూషణ్ లెక్కలు తేలాయి. కంప్యూటర్ తెర మీద ఆమెకు చూపించాడు. రెండు గీతలు, మెట్లలాగా కిందికి దిగుతున్నాయి. మోటారు ప్రోటీను తక్కువున్న వాళ్ళ గీత నెమ్మదిగా దిగింది. ఎక్కువున్న వాళ్ళది మొదట్లోనే నిట్టనిలువునా పడిపోయింది. "అనుమానం నిజమే" అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు. ఒక్కో మెట్టు ఒక్కో చావని పద్మలతకు అర్థమైంది. ఆ నెలలన్నీ తను గుమ్మాల దగ్గర అడిగి తెచ్చినవే. కమలాబాయి మెట్టు ఏదో చూద్దామనుకుని, చూడకుండానే కుర్చీ లోంచి లేచింది.

ఆ ఆదివారం ఆమె మళ్ళీ బాలమణి దగ్గరకు పోయింది. ఆ తర్వాతి ఆదివారమూ పోయింది. దూరం నుంచి ఆమెను చూసి బాలమణి లోపలికి వెళ్ళిపోయిన రోజూ ఉంది. పద్మలత అరుగు మీదే కూర్చుని, చింతపండు గింజలు తీసింది. చివరికి ఒకరోజు, మార్కెట్టుకు పోతున్నానని తండ్రితో చెప్పి బాలమణి ఆమె వెంట బస్సెక్కింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చేత్తో తడిమి చూసింది, ఎక్స్‌రే ఫొటో తీయించింది. ఇప్పటికి ఏమీ లేదంది. ఏడాదికోసారి తప్పకుండా రావాలంది. బాలమణి కొంగు నోట్లో కుక్కుకుని వరండాలో ఏడ్చింది.

తిరుగు బస్సులో షామీర్‌పేట వచ్చేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. దిగబోయే ముందు పద్మలత అంది. "నాయినకు చెప్పు అక్కా. ఏం లేదంటే జరంత ధైర్యమొస్తది."

"వద్దు" అంది బాలమణి. "లేదని చెప్తే, ఉన్నదేమోనని నేను భయపడ్డట్టు ఎరకైతది. గది ఆయన తట్టుకోడు."

బస్సు దిగి, మార్కెట్టు నుంచి వచ్చినట్టు కనబడాలని కూరగాయల బండి దగ్గర ఆగి, ఒక సొరకాయ కొనుక్కుని, ఊరి దారి పట్టింది.